కర్ర మీద సుద్దగీతలు

షెన్ గురువుని ప్రశ్న అడిగినవాళ్ళు జవాబు కోసం ఆయన నోటి వంక చూసి లాభం లేదు. ఆయన సమాధానం చేతుల్లోంచి వచ్చేది, అదీ ఆయనకు తోచినప్పుడు.

యూఝెన్‌కి ఈ సంగతి తెలియదు, సూటిగానే అడిగింది. ఆమె ఆ కాలువల ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతోంది. వయసు యాభై నాలుగు. చూపు రెండేళ్ళకు మించి నిలవదని కంటి వైద్యుడు తేల్చి చెప్పాడు. ఆమెకు చీకటి కన్నా ఖాళీ చేతులంటే ఎక్కువ భయం. సూది పట్టలేని నాడు ఈ చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉండకూడదని పట్టుబట్టి ఎర్‌హూ తెచ్చుకుంది. రెండే తీగలున్న చైనా వాద్యం అది. ఒళ్ళో నిలబెట్టుకుని, తీగల మధ్య ఇరికించిన కమానుతో వాయిస్తారు. తీగల వెనక నిలువుకర్ర ఉంటుంది గానీ దానికి మెట్లుండవు, వేలు దాన్ని తాకను కూడా తాకదు. తన చోటు తానే వెతుక్కోవాలి.

"గురువుగారూ, చూపు పోయేలోగా నాకిది వస్తుందా?" అంది.

ఆయన ఆమె ఎర్‌హూని అందుకుని, తన చేతికి సరిచేసుకుని, ఒక చిన్న పాట వాయించడం మొదలుపెట్టాడు. యూఝెన్ ఊరుకునే మనిషి కాదు. జేబులోంచి దర్జీ సుద్ద తీసి, ఆయన వేలు ఆగిన ప్రతి చోటా కర్ర మీద గీత గీసింది. గీత లేనిదే గుడ్డ మీద కత్తెర పెట్టి ఎరగదు మరి. గురువు వద్దనలేదు. వారం రోజులు ఆ గీతల మీదే కళ్ళు పెట్టి సాధన చేసింది. పాట ఒక దారికొచ్చింది.

ఎనిమిదో రోజు పొద్దున్నే గురువు ఆమె మోచేతిని ఎర్‌హూ అడుగున ఉన్న డబ్బా మీద ఆనించి, చిటికెనవేలి కొస ఎక్కడికి అందుతుందో చూశాడు. తీగల్ని కర్ర వైపు లాగి పట్టే దారపు కట్టు ఒకటి పైన ఉంటుంది. దాన్ని విప్పి అంగుళం కిందికి కట్టి, మళ్ళీ శ్రుతి చేసి, వాయించమన్నాడు.

యూఝెన్ గీతల ప్రకారమే వేళ్ళు పెట్టింది. తోక తొక్కిన పిల్లిలా అరిచింది వాద్యం. ఎదురింట్లో కూర తరుగుతున్నావిడ కత్తి వదిలి గుమ్మంలోకి వచ్చి చూసింది.

"నా గీతలన్నీ పాడు చేశారు," అంది యూఝెన్, నిజంగానే కోపంగా. "నాకెంత వ్యవధి ఉందో తెలిసి కూడా."

"ఆ కట్టు నా చేతి కొలతకి ఉండేది. ఒకరి కొలత తీసి ఇంకొకరికి చొక్కా కుడతావా?"

ఆ మాట దర్జీ మనిషికి తగిలింది. పాత గీతల్ని చొక్కా అంచుతో తుడిచేసి కొత్తవి గీయడానికి సుద్ద తీసింది. గీయాలంటే ముందు స్వరం దొరకాలి కదా. వేలు పెట్టింది, తప్పు. కాస్త జరిపింది, అదీ తప్పే. పళ్ళు బిగించి మళ్ళీ జరిపింది. దొరికినట్టే దొరికి జారిపోతున్న స్వరాన్ని ఆమె వదిలిపెట్టలేదు. ఎదురింటి పొయ్యి మీద కూర ఉడికింది, వాళ్ళ భోజనాలూ అయిపోయాయి. అప్పటికి పాట మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా పలికింది.

యూఝెన్ ఒళ్ళో తడుముకుంది. "ఇప్పుడు గీసుకుంటానండీ. సుద్ద ఎక్కడ పడిపోయిందో ఏమో."

"గీతలు తుడిచిన దగ్గర్నుంచీ నువ్వు కర్ర వంక చూడనేలేదు," అన్నాడు గురువు.