పొదచాటు పెద్దరికం

ఆ అడవి మొత్తానికి ఉన్నది ఒక్కటే మడుగు. దాని పెద్దరికం నక్కది.

అంతకుముందు నక్క సింహం సైన్యంలో వేగు. పదేళ్లు పొదల్లో పొంచి, పక్క అడవి గుట్టు మోసింది. కొలువు చాలించాక ప్రజాసేవ అంటూ మడుగు పెద్దరికానికి నిలబడింది. ఓటడిగిన తీరైనా ఎంత ముచ్చట! "ఎలుగన్నా, తేనెపట్టు సంగతి నాకు తెలుసులే. ఓటు మర్చిపోకు" అనేది. తప్పు చేయనివాళ్లు కూడా భుజాలు తడుముకుని ఓటేశారు.

గెలిచిందో లేదో, జింకలు పక్క అడవికి గూఢచారులని చెప్పి, వాటిని మడుగు తొక్కనివ్వలేదు.

"అవ్వా, రెండు రోజులు ఇలాగే ఉంటే నా పిల్ల బతకదు" అని ఒక తల్లిజింక తాబేలవ్వ దగ్గర ఏడ్చింది.

మరిచిపోతానేమోనన్న భయంతో అవ్వ మడుగు కట్టుబాట్లన్నీ రోజూ పైకి చదువుకునేది. అందులో ఒకటి: పున్నమి పొద్దున పంచాయతీకి రాని పెద్దకు పెద్దరికం చెల్లదు. నక్క జబ్బు కూడా అవ్వకు తెలుసు. మొహం మీద చెబితే నమ్మదు, పొంచి వింటేనే నమ్ముతుంది.

మర్నాడే పున్నమి. అవ్వ నేరుగా నక్క దగ్గరికే వెళ్లింది. "పెద్దాయనా, రేపు పొద్దున పంచాయతీ మడుగు దగ్గరే. తప్పకుండా రండి."

'ముసల్ది ఏదో దాస్తోంది' అనుకుంది నక్క.

సాయంత్రం పొద వెనక తోక కదలడం చూసి, అవ్వ కొంగ చెవిలో పొదదాకా వినబడేలా గుసగుసలాడింది. "పొద్దున్నే అందరం ముళ్లలోయకు చేరాలి. నక్కకు తెలియనీకు."

తెల్లారేసరికి నక్క ముళ్లలోయలో బోర్లా పడుకుని ఉంది. ఎండెక్కినా ఒక్క ప్రాణీ రాలేదు. "ఎంత గట్టి కుట్ర! అడుగుల చప్పుడైనా వినబడనివ్వడం లేదు" అని మెచ్చుకుంది.

మధ్యాహ్నానికి దాహమేసి మడుగుకొస్తే, జింకలు కడుపునిండా నీళ్లు తాగుతున్నాయి.

"నీ పెద్దరికం పోయింది బావా" అంది ఎలుగు.

"నాకెవరూ చెప్పలేదే!"

"ఎదురుగా నిలబడి చెప్పాను కదయ్యా" అంది అవ్వ.

"మీ గుట్లన్నీ బయటపెడతా!"

"ఆ శ్రమ నీకెందుకు? ఎవరి తప్పు వాళ్లం పొద్దున పంచాయతీలోనే ఒప్పేసుకున్నాం" అంది ఎలుగు.

నక్క తేలు కుట్టిన దొంగలా తోక ముడిచి, పాత కొలువు కోసం సింహం గుహకు పరిగెత్తింది.

"తాబేలు అల్లిన అబద్ధాన్ని పట్టుకోలేని వేగు నాకెందుకు?" అని, జరిగిందంతా విన్న సింహం ఆవలించి అటు తిరిగి పడుకుంది.

నీతి: చాటుగా విన్నదే నిజమనుకునేవాడికి ఎదుటి నిజం కుట్రలా కనిపిస్తుంది.