‘ఆగు’ అనే మాట ఎవరి నోట్లో ఉండేది?

ఒకప్పుడు, ఏరు కూడా మనుషుల్లా మాట్లాడే కాలంలో, గవిరి అనే ఆవిడ ఉండేది. ఇరవై ఆరేళ్లు. గంజిలో ఉప్పు వేసుకోవడం మరిచిపోయి, సగం తాగాక వేసుకునేది.

మరిచిపోదా మరి! ఆ కాలంలో మనుషులకి ‘ఆగు’ అనే మాట లోపల ఉండేది కాదు. బయట ఉండేది, అమ్మ నోట్లో. లేగదూడ పుట్టిన పూటే గట్టు అంచున ఆగేది. కోడిపిల్ల గద్ద నీడ చూసి ఆగేది. మనిషి పిల్ల మాత్రం నిప్పు కనిపిస్తే నిప్పులో చెయ్యి పెట్టేది, నీళ్లు కనిపిస్తే నీళ్లలోకి నడిచేది. అందుకని వెనకాలే అమ్మ నడవాలి. "ఆగు, కాలుద్ది! ఆగు, మునిగిపోతావ్!" అని అరుస్తూనే ఉండాలి.

ఎన్నాళ్లు? చచ్చేదాకా. మీసాలు నెరిసిన కొడుకుల వెనక కూడా ముసలమ్మలు కర్ర పొడుచుకుంటూ నడిచేవారు. మరి ఆ అమ్మలకి ఎవరు చెప్పేవారు? ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. అమ్మలకి తీరిక లేదు, మిగతావాళ్లకి అవసరం లేదు.

గవిరి తన నాలుగేళ్ల కూతురు పైడి వెనక నడిచేది. గవిరి మొగుడు దండాసి వెనక అతని తల్లి బోడెమ్మ నడిచేది. ఒక వానాకాలం బోడెమ్మ చచ్చిపోయింది.

నాలుగో రోజు దండాసి గడప దాటి, వెనక్కి తిరిగి చూశాడు.

"ఏటే, రావేం?"

"ఎక్కడికి?"

"నా వెనక. తేనెపట్టుకి పోతన్నాను. అమ్మ లేదు కదా, నాకు ‘ఆగు’ అని ఎవరు చెప్తారు?"

"మరి పైడికెవరు చెప్తారు మావా? ఏరు పొంగింది."

"దానికి ఏరొక్కటే. నాకు తేనెటీగలు, ఎలుగుబంటి, కల్లుకుండ... ఎన్నున్నాయి!"

గవిరికి ఏమీ పాలుపోలేదు. ఉన్నది ఒక్క నోరు. వెనక నడవాల్సింది ఇద్దరికి. పాకలో ఉన్న ఆవు దగ్గరికి పరిగెత్తింది.

"అక్కా, నీ దూడకి ‘ఆగు’ ఎలా పెట్టావు?"

"నేనేం పెట్టలేదు. కడుపులో ఉండగానే వచ్చేసింది. నువ్వు వెయ్యడం మరిచిపోయుంటావు, గంజిలో ఉప్పులాగ!"

నిజంగా మరిచిపోయానా? గవిరికి అదీ తెలియలేదు. చివరికి పైడి నడుముకి తాడు కట్టి, మేక పక్కన గుంజకి ముడివేసింది. పైడి చేతిలో గుడ్డ చుట్టిన లేత సొరకాయ ఉంది. "అది పారెయ్, పిచ్చి ఆటలూ నువ్వూ" అని విసుక్కుని మొగుడి వెనక నడిచింది.

అడవిలో దండాసి ఒక్క చోట కుదురుగా లేడు. పొగ పెట్టకుండానే పట్టు మీద చెయ్యి వేయబోయాడు. ఆగు! నాచు పట్టిన బండ ఎక్కాడు. ఆగు! మధ్యాహ్నానికి గవిరి గొంతు బొంగురుపోయింది. ఇంకాసేపటికి పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలే వస్తోంది.

గొంతు లేకపోతే ఇక్కడ తనతో పనేముంది? ఇంటికి పరిగెత్తింది.

గుంజ దగ్గర పైడి లేదు. మేక తాడు ముక్క నములుతోంది. "ఆకలేసింది, ఏం చెయ్యను?" అంది.

గవిరి ఏటివైపు పరిగెత్తింది. పైడి గట్టు అంచున నిలబడి ఉంది. ఎర్రటి నీళ్ల మీదికి ఒక కాలు ఎత్తింది. గవిరి ఇంకా నలభై అడుగుల దూరంలో ఉంది. నోరు తెరిచింది. గాలి.

"ఆగు!"

ఎవరో గట్టిగా అన్నారు. పైడి కాలు గాల్లోనే ఆగింది.

గవిరి తెల్లబోయింది. ఎవరన్నారు? చెట్టు మీది కాకివైపు చూసింది. "నేను కాదు. నాకు ‘కా’ తప్ప రాదు" అంది కాకి. ఏటివైపు చూసింది. "నేనా? ఎవర్నైనా రారమ్మంటాను గానీ ఆగమని ఎప్పుడన్నా అన్నానా?" అంది ఏరు.

"ఆగవే అంటే! మునిగిపోతావ్! వెనక్కి రా!"

అది పైడి. సొరకాయని తిడుతోంది. తిడుతూ తనే రెండడుగులు వెనక్కి వేసింది.

గవిరి వెళ్లి కూతుర్ని వాటేసుకుంది. "అమ్మా, ఇది నా కూతురు. ఏట్లోకి పోతానని ఒకటే గోల. దానికి చెప్తే నా కాలు ఆగిపోయింది. ఎందుకమ్మా?" అంది పైడి.

గవిరికి మాత్రం ఏం తెలుసు? ఆలోచించింది. తన తల్లి పోయి పదేళ్లు. తనకి ఎవరూ ‘ఆగు’ అనలేదు. అయినా ఇన్నాళ్లలో నిప్పులో చెయ్యి పెట్టలేదు. ఎందుకని?

"చెప్పేవాళ్ల నోటికి వాళ్ల చెవులే కదే దగ్గర!" అంది ఏరు.

సాయంత్రం దండాసి మొహమంతా బూరెలా ఉబ్బి వచ్చాడు. గవిరి సొరకాయని అతని చేతుల్లో పెట్టి, ఎత్తుకోమని సైగ చేసింది.

"నేనా? మొగోణ్ణి! సొరకాయకి జోలపాడితే జనం నవ్వరూ?" అని కింద పెట్టేశాడు.

పైడికైనా ఒక్క రోజులో అంతా రాలేదు. మర్నాడే "ఆగు, కాలుద్ది" అని గట్టిగా అంటూనే వేడి గంజిలో వేలు పెట్టింది. గవిరికి మళ్లీ అయోమయం. కానీ ఈసారి సొరకాయని పారెయ్యమనలేదు. అరుపు ఏడాదికి గొణుగుడైంది. గొణుగుడు మెల్లగా పెదవుల కదలికైంది. పైడికి ఏడేళ్లు వచ్చేసరికి పెదవులూ ఆగాయి. మాట లోపలికి దిగింది.

అప్పటినుంచే పిల్లలు, ఆడైనా మగైనా, గుజ్జనగూళ్లు ఆడుతూ అమ్మలవుతారు, బొమ్మలకి బుద్ధులు చెబుతారు, పక్కన ఎవరూ లేకపోయినా "ఇది ఇక్కడ, అది అక్కడ, ఆగు, పడిపోద్ది" అని తమతో తామే మాట్లాడుకుంటారు. ఆ మాట లోపలికి దిగడానికి ఈనాటికీ ఏళ్లు పడుతుంది.

పైడి పెదవులు ఆగిన ఆ చలికాలం గవిరి ఏట్లో దోనె నడపడం నేర్చుకుంది. దండాసి ఒడ్డున నిలబడి, తన వెనక రమ్మని పిలిచాడు. ఆమె దోనెని వెనక్కి తిప్పలేదు.