ఉశేనమ్మ ఫోను కలవని పొద్దు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది ఉశేనమ్మ. ఎర్రగుండం ఆశ్రమంలో ముప్పై ఏండ్లు వంట చేసిన మనిషి. తర్వాత చాలామంది చాలా రకాలుగా చెప్పినారు. వాళ్ళెవరూ ఆ పొద్దు అక్కడ లేరు.

ఆశ్రమం కొండ మీద. టవరు అందదు. అందుకని పెద్దస్వామి శిష్యుడు కేదారి ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు ఆరు పెట్టినాడు. పట్నంలో పదేండ్లు ఫోన్ల పని చేసి వచ్చినవాడు. ఏ ఫోను నుంచి మాట్లాడినా పిలుపు ముందు ఆఫీసు గదిలోని కంప్యూటరుకు పోవాలి. ప్రాక్సీ అంటారు దాన్ని. అది పట్నంలోని ఎక్స్ఛేంజికి అందిస్తుంది. ఎక్స్ఛేంజి ఊరికే కలపదు. ప్రతిసారీ ఒక అంకె ఇచ్చి, నువ్వెవరో రుజువు చూపమంటుంది; ఆ అంకెను రెండు మూడు రోజులకొకసారి మారుస్తుంది. ఫోను తన రహస్యపు మాటను ఆ అంకెతో కలిపి జవాబు పంపాలి.

ఇంత తతంగం ఎందుకనుకున్నాడు కేదారి. ప్రతి ఫోనుకూ ఒకసారి చెల్లిన జవాబును ప్రాక్సీలో దాచి, ఎప్పుడడిగినా అదే చెప్పేటట్టు చేసినాడు. పిలుపు రెప్పపాటులో కలిసేది. రెండు రోజులు ఆ గొప్ప ఆశ్రమమంతా చెప్పుకున్నాడు.

మూడో పొద్దు ఉశేనమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె తమ్ముడు దస్తగిరికి కర్నూలులో గుండె ఆపరేషను. పది గంటలకు లోపలికి తీసుకుపోతారు.

“నాయనా, ఎన్నిసార్లు కొట్టినా కుయ్‌మని ఆగిపోతాంది. వాని గొంతు ఒక్కసారి వినాల.”

“నంబరు తప్పు కొట్టింటావులేమ్మా.”

“ముప్పై ఏండ్లుగా ఉప్పు తప్పలేదు, పది అంకెలు తప్పుతానా?”

కేదారి చూసినాడు. గుర్తింపు చెల్లదంటోంది ఎక్స్ఛేంజి. రహస్యపు మాటలు మార్చినాడు. తీగలు పీకి మళ్ళీ పెట్టినాడు. కంప్యూటరును మూడుసార్లు ఆపి వేసినాడు. దాచిన జవాబుల జోలికి మాత్రం పోలేదు. అది తన పనితనం.

“పట్నంలో వాళ్ళదే చెడిపోయింది,” అన్నాడు చివరికి.

తొమ్మిదింబావు దాటింది. ఉశేనమ్మ గడప మీద కూలబడింది. “కొండ దిగేసరికి మధ్యాహ్నమైతాది నాయనా,” అంది.

అప్పుడు పెద్దస్వామి వచ్చినాడు. చేతిలో ఇత్తడి గ్లాసు. రోజూ పొద్దున కేదారే ఆయనకు వేడినీళ్ళు ఇచ్చేవాడు. “వేడిగా ఉన్నాయా?” అని ఆయన అడగడం, “ఉన్నాయి స్వామీ” అని ఇతను చెప్పడం అలవాటు. ఆ పొద్దు నీళ్ళ మాటే మరిచినాడు.

స్వామి గ్లాసు ముందుకు చాపి, “వేడిగా ఉన్నాయా?” అన్నాడు.

కేదారి తెర మీంచి చూపు తిప్పలేదు. “ఉన్నాయి స్వామీ.”

స్వామి అతని చెయ్యి పట్టుకుని, అరచేతిలోకి గ్లాసు వంచినాడు. కుండనీళ్ళు. చల్లగా మోచేతి దాకా కారినాయి.

“నేను అడిగింది ఇప్పుడు కదరా,” అన్నాడు స్వామి. ఖాళీ గ్లాసు తీసుకుని వచ్చిన దారినే పోయినాడు.

కేదారి ఆ చేతినే చూస్తూ కూచున్నాడు. తుడుచుకోలేదు. తర్వాత దాచిన జవాబులు ఒక్కొక్కటే తీసేసినాడు. అవన్నీ పాత అంకెకు చెప్పినవి. ఎక్స్ఛేంజి అడిగేది ఫోనుదాకా, ఫోను చెప్పేది ఎక్స్ఛేంజిదాకా పోయేటట్టు దారి వదిలినాడు.

“ఇప్పుడు కొట్టమ్మా.”

పదికి ఇంకా పది నిమిషాలుంది.

“అక్కా, తిన్నావా?” అన్నాడు దస్తగిరి అవతలి నుంచి.

“నువ్వు బయటికి రారా, ఇద్దరం తిందాం,” అంది ఉశేనమ్మ.

కేదారి గది వదిలి, బయట ఎండలో తల వంచుకుని నిలబడినాడు. ఆమె పెట్టేసినాక కూడా లోపలికి రాలేదు.

దస్తగిరి మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఆ నాలుగు నిమిషాల మాటే ఆమెకు మిగిలింది.

ఆశ్రమం వాళ్ళు అచ్చేసిన పుస్తకంలో, స్వామి చెయ్యి తగలగానే ఫోను పలికిందని మహిమ కింద రాసినారు. స్వామి ఫోను ముట్టనే లేదు. ఉశేనమ్మ పేరు అందులో లేదు, దస్తగిరి పేరూ లేదు. ఉశేనమ్మ అడగబోతే, చదువు రానిదానివి నీకేం తెలుసన్నారు. అక్షరాలు వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, ఆ పేజీ దిద్దండి.