దానిమ్మ నోరు తెరిచిన రోజు

ఒకప్పుడు దానిమ్మకాయలో గదులన్నీ ఒకే కొలతలో ఉండేవి. ఏ గదిలో చూసినా అన్నే గింజలు. కాయ మూతి కూడా మొగ్గలా చక్కగా ముడుచుకుని ఉండేది.

ఆ రోజుల్లో సింగారమ్మ అనే దానిమ్మకాయ ఉండేది. పొద్దున్నే సూర్యుడికి దణ్ణం పెట్టందే దానికి తోచేది కాదు. "స్వామీ, నా పిల్లల్లో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ చెయ్యను" అని మాటిచ్చింది.

గదులు కట్టే రోజు వచ్చింది. ఎండ నడినెత్తికి వచ్చేలోగా గోడలు లేవాలి. ఆ తర్వాత తొక్క బిగుసుకుపోతుంది. గదిలో చేరని గింజ ఎండిపోయి రాలిపోతుంది.

గింజపిల్లల్ని లెక్కపెట్టడానికి చిలకమ్మ వచ్చింది. "వెయ్యిన్ని తొమ్మిది మంది, వదినా!" అంది.

"ఎంత చల్లని మాట!" అని మురిసిపోతూ సింగారమ్మ రెండు గదులు కట్టింది. అటు అయిదు వందల నలుగురు, ఇటు అయిదు వందల నలుగురు. ఒక పిల్ల మిగిలింది. అందరికన్నా చిన్నది, చిట్టి.

మూడు గదులు కట్టింది. చిట్టి మిగిలింది. నాలుగు కట్టినా అంతే. అయిదు కడితే ఏకంగా నలుగురు మిగిలారు! సింగారమ్మ ఆ గోడలు పడగొట్టి మళ్ళీ మొదలుపెట్టింది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది... మళ్ళీ చిట్టి ఒక్కతే, బిక్కమొహం వేసుకుని గోడ బయట.

"ఇదేం సంఖ్యే తల్లీ! ఇంత పెద్దది, ఎందులోనూ ఇమడదా?"

"ఇమడదు వదినా. ఎన్ని గదులు కట్టినా సమంగా తెగదు. అందరికీ కలిపి ఒకే గది, లేదా తలా ఒక గది. అంతే."

"ఒకే గదైతే గాలికి ఒకరి మీద ఒకరు పడి చితికిపోరూ? తలా ఒక గదికి నా కడుపులో చోటేదే?"

చిలకమ్మ ముక్కు కొమ్మకు రాసుకుంది. "ఆ చిట్టిదాన్ని నాకిచ్చెయ్. మిగతావాళ్ళు ఎంచక్కా సమానం. ఒక్క గింజేగా!"

"ఆఁ!"

సింగారమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోరు మూతపడలేదు.

తొక్క బిగుస్తోంది. అంతలో మూల గదిలోంచి ఒక గింజ అరిచింది. "ఒసే చిట్టీ, ఇటు రావే! సర్దుకుంటాం."

"మీ గదికి ఒకరెక్కువ అవుతారు. అమ్మ మాట తప్పుతుందే" అని చిట్టి ఏడ్చింది.

"మాటిచ్చింది అమ్మ. మేమిచ్చామా? రా!"

చిట్టి దూరింది. గింజలు భుజాలతో గోడను నెట్టాయి. గోడ వంగింది. పక్క గది ఇరుకై, వాళ్ళు ఇంకో గోడను నెట్టారు. ఆ తోపులాటలో గుండ్రటి గింజలన్నీ పలకలు తేలాయి.

సింగారమ్మ భయంభయంగా సూర్యుడి వైపు చూసింది.

"పిచ్చిదానా" అన్నాడు ఆయన, "నువ్వు మాటిచ్చింది పిల్లల గురించా, గోడల గురించా?" అని ప్రతి గింజలోనూ సమంగా ఎరుపు పోశాడు. చిట్టికీ అంతే పోశాడు.

అప్పటినుంచే దానిమ్మలో గదులు వంకరటింకర. ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ. ఎరుపు మాత్రం అందరికీ ఒకటే. ఇక కాయ మూతి చూడండి. "ఒక్క గింజేగా" అన్న మాటకు తెరిచిన నోరు, ఇవాళ్టికీ మూతపడలేదు.