బూరెలు తిన్న తలపాగా

ఉగాదినాడు తలంటు పోస్తుండగా కుంకుళ్ళకోట రాజు చిత్రరథుడికి ప్రజలమీద దయ పుట్టింది. కళ్ళల్లో కుంకుడురసం పడితే ఎవరికైనా నీళ్ళొస్తాయి. రాజుగారు మాత్రం అవి జాలితో వచ్చాయనుకున్నారు.

"సొంతింట్లో తాను కాపురముండేవాడు ఇక ఇంటిపన్ను కట్టనక్కర్లేదు!" అని ఒంటిమీద నురగ ఆరకముందే చాటింపు వేయించారు.

కోశాధికారి విరూపణ్ణకి నాలుగు మేడలు. ఒకదాంట్లో తానుంటాడు, మూడు అద్దెకిచ్చాడు. ఆ మూడింట్లో ఒకచోట తన తలపాగా, ఒకచోట చెప్పులు, ఇంకోచోట చేతికర్ర పెట్టించి, "నాలుగింట్లోనూ నేనే ఉంటున్నాను, పన్ను లేదు" అన్నాడు.

"అదెలాగయ్యా?" అన్నారు రాజుగారు.

"ప్రభూ! తమరు యుద్ధంలో ఉంటే, తమ కత్తిని పీటలమీద పెట్టి రాణిగారికి పెళ్ళి చెయ్యలేదూ? ఆ కత్తి తమరైనప్పుడు, ఈ తలపాగా నేను కానా?"

రాజుగారు రాణిగారి వంక భయంగా చూశారు. కాదంటే పెళ్ళే చెల్లదు.

"నువ్వే, నువ్వే!" అనేశారు.

సభలో తాంబూలం అందించే గవరసానికి ఒళ్ళు మండింది. చిన్నప్పుడు తనకి అన్నం పెట్టి పెంచిన అచ్చాయమ్మ, కూతురి పురిటికని పొరుగూరు వెళ్ళొచ్చేసరికి, ఆమె పూరింటికి విరూపణ్ణ ముద్ర వేయించాడు. కాపురం లేని ఇల్లట. పన్ను కట్టకపోతే తెల్లారి వేలమట.

"నా రోకలి ఇంట్లోనే ఉంది కదయ్యా!" అని ముసలమ్మ మొత్తుకుంది.

"రాజుగారి కత్తీ నీ రోకలీ ఒకటేనుటే?" అని కసిరాడు విరూపణ్ణ.

ఆ రోజు రాణిగారి పుట్టినరోజు విందు. గవరసాని రాజుగారికి చిలకలు చుట్టి అందిస్తూ, "కోశాధికారిగారిని నేను పిలుచుకురానా ప్రభూ?" అంది.

"వెళ్ళిరా" అన్నారు రాజుగారు నోటినిండా తాంబూలంతో.

బూరెలకోసం పొద్దుట్నించీ కడుపు మాడ్చుకున్న విరూపణ్ణ గబగబా వచ్చాడు. వచ్చి, గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. పంక్తిలో మూడు పీటలమీద తలపాగా, చెప్పులు, చేతికర్ర బుద్ధిగా కూర్చున్నాయి. గవరసాని తలపాగా ముందు విస్తట్లో బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోస్తోంది.

పక్క పీటమీది పురోహితుడు పంచె ఎగ్గట్టి లేచాడు. "పంక్తిలో చెప్పులేమిటే, అప్రాచ్యపుదానా!"

"చెప్పులు కావు బాబూ, కోశాధికారిగారు. మొహమాటపడుతున్నారు, కాస్త మీరైనా వడ్డించుకోమనండి."

"నా ఆకేదే?" అని అరిచాడు విరూపణ్ణ.

"తమరు భోంచేస్తూనే ఉన్నారు కదండీ! దప్పళం ఇంకాస్త వెయ్యమన్నారు కూడా." గరిటెడు దప్పళం చెప్పుల ముందు పడింది.

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. సన్మానపు శాలువా తెప్పించి చేతికర్రకి కప్పారు. దాంతో విరూపణ్ణకి ఆకలీ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"మహాప్రభో! చెప్పులు చెప్పులే! కర్ర కర్రే! నేనొక్కణ్ణే నేను!"

"అయితే ఆ మూడు మేడల్లో కోశాధికారిగారు లేరు ప్రభూ. పన్ను వేయించండి" అంది గవరసాని.

రాజుగారి నవ్వు టక్కున ఆగింది. "మరి నా కత్తి? నా పెళ్ళి?"

రాణిగారు కూడా చెవి ఇటు పడేశారు.

"కత్తి వెనకాలే తమరొచ్చి కాపురం చేశారు ప్రభూ. ఈయన ముద్ర వేయించిన పూరింటికి, రోకలి వెనకాలే ముసలి అచ్చాయమ్మ తిరిగొచ్చింది. ఈ తలపాగా వెనకాల ఈయన ఏనాడూ రాలేదు!"

అందరికంటే ముందు రాణిగారు నవ్వారు. రాజుగారు మెళ్ళో ముత్యాలదండ తీసి గవరసాని చేతిలో పెట్టి, అచ్చాయమ్మ ఇంటి ముద్ర అప్పటికప్పుడు తీయించారు. విరూపణ్ణ చెప్పుల పక్కనే చతికిలబడి, వాటి విస్తట్లో బూరె అందుకున్నాడు.

"ఒసే గవరసానీ!" రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ కేకేశారు. "ఆ ముసలమ్మని పిలు. ఆ రోకలికీ ఓ పీట వెయ్యి!"