నిదానానికి జోడీ

మనిషి జ్ఞాపకాన్నే నమ్మి నడిచే రాజ్యం ఒకటి ఉండేది. అక్కడ జనం అర్జీలన్నీ వీరభద్రయ్య అనే ముసలాయన విని, గుర్తుపెట్టుకుని, వారానికోసారి రాజుకు చెప్పేవాడు. అర్జీలు పెరిగేసరికి కొత్తవి వింటుంటే పాతవి జారిపోసాగాయి. తోడుగా ఇంకొకరు కావాలన్నాడు.

ఆ పనికి నేనుంటానంటూ, పొలాలకు వంతులవారీగా నీళ్లు వదిలే నీరుగంటి సుంకన్న వచ్చాడు. అతని ఊరి కాలువకు గండి పడింది. ఆ అర్జీ రెండుసార్లు జారిపోయి, వరి ఎండుతోంది.

మంత్రి ఒప్పుకోలేదు. "జోడీ అంటే ఒకే గురువు దగ్గర నేర్చినవాళ్లు కావాలి. ఆయన నిదానం, వీడు గడగడా మాట్లాడతాడు. పొసగదు."

"పొసగదని చూశావా?" అన్నాడు రాజు.

మంత్రి నలభై అర్జీలు ఒకటి ముసలాయనకు, ఒకటి సుంకన్నకు చొప్పున వినిపించాడు. వాళ్లు వంతులవారీగా తిరిగి చెప్పారు. సుంకన్న ముసలాయన పద్ధతి కాసేపు విని, తన మాటను ఆ నడకకే తగ్గించుకున్నాడు. ఒక్కటీ జారలేదు.

"గడగడా చెప్పగలవటగా?" అన్నాడు రాజు.

"నేను ఆగగలను ప్రభూ. ఆయన పరుగెత్తలేరు."

మంత్రి నవ్వాడు. "మరి నీ వేగమంతా దండగేగా?"

"దండగేనయ్యా. కానీ మా కాలువ అర్జీ నిదానంగా చెప్పినందుకు పోలేదు, ఆయన బుర్రలో చోటు లేక పోయింది. మీకు లోటైంది వేగమా, చోటా?"

మంత్రి ముసలాయన పక్కన సుంకన్నకు చోటు చూపించాడు.

"ఆ కాలువ సంగతేమిటి?" అని రాజు అడిగాడు. సుంకన్న నిదానంగానే చెప్పాడు. మర్నాడే గండి పూడ్చడానికి మనుషులు బయలుదేరారు.