ఉప్పును గడపలో ఆపిన వేళ్లమ్మ

సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న చవిటిలంక వేళ్లమ్మ గుడికి గోపురం లేదు. నడుమెత్తు రాతిగోడలు, పైన తాటాకు కప్పు, మధ్యన వరి వేళ్ల ముద్ర పడిన నల్లరాయి, అంతే. హంగులు చూడవచ్చినవారు నిరాశ పడతారు; పడనివ్వండి. ఇక్కడ ఎంతటివారైనా చిటికెడు ఉప్పు గడప మీద వదిలి, దోసెడు నీళ్లు మాత్రమే లోపలికి తీసుకుపోవాలి.

పూర్వం ఇక్కడ ఉప్పెన వచ్చి మాగాణి అంతా చౌడుబారింది. నాటిన పైరు నాటినట్టే మాడిపోతుంటే జనం ఊరు విడవసాగారు. పెద్దకాపు గరువయ్య ఇంట గంపెడు విత్తనపు వడ్లు మాత్రం మిగిలాయి. వాటిని దంచి దారిబత్తెం చేసుకుందామన్నాడాయన. ఆయన తమ్ముడి భార్య సింగమ్మ గంపకు అడ్డంగా కూర్చుంది. మగడు ఆ ఉప్పెనలోనే పోయాడు. అతడు దున్నిన పొలం చెక్క తప్ప లోకంలో ఆమెకు తనదన్నది లేదు. ఆ తెల్లవారుజామున ఒక ముసలమ్మ ఆమె కలలో కనిపించి, "ఆకును చూసి ఏడవకు, వేరును అడుగు" అందట.

"కలలను నమ్మి వడ్లు పోస్తారటమ్మా?" అన్నాడు గరువయ్య.

"ఉప్పెనకు ఊరినే పోశాం బావగారూ. కలకు గంపెడు పోస్తే ఏం?"

ఆమె గట్లు వేసి, వాననీరు నిలిపి, నారు పెంచి నాటింది. పైరు తేరుకుందనుకునేలోగా కింది ఆకులు పండి, కొసలు మాడాయి. గరువయ్య బండి కట్టించి, పశువులను చేలోకి తోలమన్నాడు. "చచ్చిన పైరు, వాటి కడుపైనా నిండనీ" అన్నాడు.

సింగమ్మ కలలోని ముసలమ్మను నోటికొచ్చినట్టు తిట్టి, ఒక దుబ్బు పట్టి పీకింది. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగితే, కొబ్బరికాయంత నల్లరాయిని కరిచిపట్టుకుని మరీ వచ్చాయి వేళ్లు. ఆ కసితో వేరు కొరికింది. పైపొర ఉప్పు కషాయం. లోపలి తెల్లని పోగు మంచినీళ్లంత చప్పన. మాడిన ఆకు నమిలింది, ఉప్పుగల్లే. నడిమి లేతపిలక నమిలితే తియ్యని పాలు! వేరు ఉప్పును గడపలోనే ఆపుతోంది. దాని కన్నుగప్పి దూరినదాన్ని ముదురాకు తన కడుపున పెట్టుకుని, పిలకను బతికించి, తాను మాడుతోంది. ఇంతటి తల్లిని చచ్చిందంటారా!

రాయితో సహా దుబ్బును ఎత్తుకుని బండికి అడ్డం పరుగెత్తింది.

"బావగారూ, నోరు తెరవండి."

"విషమా తల్లీ?"

"మీరన్న చావే. నమిలి చెప్పండి."

ఆయన వేరు నమిలాడు, పిలక నమిలాడు. బండి దిగి, పశువులను తానే మళ్లించాడు.

గాదెలు నిండాయని అబద్ధం ఎందుకు? విత్తనానికి పోను కుండలోకి కాస్త మిగిలింది. ఊరు నిలవడానికి అదే చాలింది. ఆ రాయే నేటి వేళ్లమ్మ.

నేటికీ అమ్మకు ఉప్పులేని పొంగలే నైవేద్యం. ప్రసాదంగా ఇచ్చే ఎండిన వరి ఆకును విత్తనాల గంపలో దాచుకున్నవారి చేలను ఆ తల్లి కనిపెట్టుకుని ఉంటుందని నమ్మకం. ఇక చవిటిలంకలో పైరు పోయిందని ఎవరైనా గోల పెడితే, పసిపిల్లలు సైతం అడిగేది ఒక్కటే:

"వేరు నమిలావా?"